ఏడో నిశ్శబ్దం

"ఆ మెమరీ కార్డు ఫార్మాట్ చేసేశాను. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

రఘురామ్ మెడలో వేలాడుతున్న ఆఫీసు ఐడీ కూడా తియ్యకుండా సోఫా అంచున కూచున్నాడు. భార్య ఫోన్ చేస్తే పూటకి సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. వచ్చి ఇరవై నిమిషాలు. ఈ ఇరవై నిమిషాల్లో ఆ ఒక్క మాటే అయిదోసారి అంటున్నాడు.

వైశాలి గోడ గడియారం చూసింది. పన్నెండూ ఇరవై.

టోక్యోలో సాయంత్రం అయిదంటే ఢిల్లీలో మధ్యాహ్నం ఒకటిన్నర. ఇంకా డెబ్భై నిమిషాలుంది.

"పదిహేనేళ్ళుగా రికార్డింగులు చేస్తున్నారు మీరు. అసలు ఫైలు దాచకుండా ఏనాడైనా చెరిపేశారా?"

"ఆఫీసు పని వేరు."

"అవును. అక్కడ అడిగేవాళ్ళుంటారు."

రఘురామ్ ఫోన్ తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. దాంట్లో ఏమీ రాలేదు.

టోక్యో నుంచి వచ్చిన మెయిల్ వైశాలి ఒళ్ళోని లాప్‌టాప్‌లో తెరిచే ఉంది. పొద్దున్న వసంత్ కుంజ్ స్కూల్లో రెండో పీరియడ్‌కి పిల్లల్ని పియానో ముందు కూచోబెడుతుంటే వచ్చింది. నాలుగే వాక్యాలు. మర్యాదగా ఉన్నాయి. చదివాక పీరియడ్ మధ్యలోనే సంచి సర్దుకుని ఆటో ఎక్కింది.

మీరు పంపిన రికార్డింగ్ పది నిమిషాల ఎనిమిది సెకన్లు ఉంది. నొటేషన్ ప్రకారం పధ్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు ఉండాలి. స్వరకర్త రాసిన ఏడు నిశ్శబ్దాలూ ఇందులో లేవు. కత్తిరించని రికార్డింగ్ మీ దగ్గర ఉంటే ఈరోజు సాయంత్రం అయిదు లోపల పంపగలరు, సుగిమోరి గారు వినాలనుకుంటున్నారు.

ఆ స్వరకర్త సుగిమోరి గారే. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. ఏటా ఒక్క పియానిస్టునే ఎంచి, ఆరు నెలలు తన ఇంట్లో పెట్టుకుని నేర్పుతుంది. ఇదే చివరి ఏడాదని ముందే చెప్పేసింది. నలభై దాటినవాళ్ళని తీసుకోదు. వైశాలికి ముప్ఫై తొమ్మిది నిండాయి.

మూడేళ్ళ క్రితం ఒకసారి పంపింది. జవాబే రాలేదు.

"నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు," అంది వైశాలి. "నాలుగు నిమిషాల పాట కోసేసి, శుభ్రం చేశానని చెప్పారు నాకు."

"పాటేం కొయ్యలేదు. ఒక్క నోటు కూడా తీయలేదు. ఖాళీలు తీశాను. అది నా అలవాటు. ఆఫీసర్లు పాఠం చెబుతూ మాట మాటకీ ఆగుతారు, దగ్గుతారు, నీళ్ళు తాగుతారు. అవన్నీ తీసేస్తేనే బిల్లు పాసవుతుంది. అదే మీట నొక్కాను. తప్పే. సారీ చెప్పానా లేదా?"

నమ్మదగ్గ మాటే. అతని పనే అది. కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకదానికి శిక్షణ పాఠాలు రికార్డు చేసే విభాగంలో ఉద్యోగం. మనుషుల మాటల మధ్య ఖాళీలు కత్తిరించి కత్తిరించి ఈ ఆర్.కె. పురం క్వార్టర్ దాకా వచ్చాడు.

కానీ రికార్డింగ్ ముందు రోజు సాయంత్రం వైశాలి అతన్ని ఎదురుగా కూచోబెట్టుకుని నొటేషన్ చూపించింది. ఇక్కడ పన్నెండు సెకన్లు, ఇక్కడ ఇరవై ఎనిమిది, ఇక్కడ ముప్ఫై అయిదు అని వేలు పెట్టి చూపించింది. పెడల్ తొక్కి పట్టుకుని చెయ్యి తీసేస్తే తీగలు వాటంతటవే ఎంతసేపు పలుకుతాయో వినిపించింది.

తకెమిత్సు అనే జపాన్ స్వరకర్త బివా అనే తమ వీణనీ వెదురు వేణువునీ తెచ్చి పడమటి ఆర్కెస్ట్రా పక్కన నిలబెట్టినప్పటి కథ చెప్పింది. రెండు సంగీతాలకీ మధ్య ఉన్న ఖాళీని ఆయన పూడ్చడానికి చూడలేదని, దాన్నే వినమన్నాడని చెప్పింది. ఆ తర్వాతి తరం స్వరకర్త హోసోకవాకి స్వరమంటే కుంచె గీత, నిశ్శబ్దమంటే గీత కింది కాగితం. సుగిమోరి గారు ఆ దారిలో మనిషే. కాకపోతే ఆవిడ కాగితాన్ని కూడా సెకన్లలో కొలిచి రాస్తుంది.

రఘురామ్ తల ఊపుతూ అంతా విన్నాడు. "అచ్ఛా" అని నాలుగైదుసార్లు అన్నాడు కూడా.

"మీకు తెలియక చేసిన పని కాదిది," అంది వైశాలి.

వంటింట్లోంచి సత్యవతి గరిటె పట్టుకుని వచ్చింది. తెనాలి వదిలి కొడుకు దగ్గరకి వచ్చి ఎనిమిదేళ్ళయినా కూరలబండివాడితో ఆవిడ తెలుగులోనే బేరమాడుతుంది. వాడు హిందీలో ఇచ్చేస్తాడు.

"ఏవిటర్రా పొద్దున్నించీ. వాయించిందంతా పంపాడు కదా వాడు? వాయించనిదానికి కూడా మార్కులేస్తారా వాళ్ళు?"

"వేస్తారత్తయ్యా. దానికే ఎక్కువ వేస్తారు."

"అయితే మన చిట్టిబాబు బాగుపడినట్టే. వాడు పుట్టాక ఏదీ వాయించలేదు."

ఇంకోరోజైతే వైశాలి నవ్వేది. చిట్టిబాబు సత్యవతి చిన్న తమ్ముడు. పెళ్ళిలో అరువు మృదంగం ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు ఊరికే కూచున్న మనిషి.

పన్నెండూ నలభై.

వైశాలి లేచి అతని బీరువా తెరిచింది. కేబుళ్ళ పెట్టె, పాత హార్డ్‌డిస్కులు, బ్యాటరీలు తీసి మంచం మీద పోసింది. రఘురామ్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆపలేదు. ఆపకపోవడం చూసి ఆమెకి అర్థమైంది, ఇక్కడ దొరకదని అతనికి తెలుసు.

"రికార్డర్ ఆఫీసులో ఇచ్చేశారు. కార్డు మీ సొంతం. నిజం చెప్పండి. ఫార్మాట్ చేశారా, పారేశారా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు."

అతని చూపు ఒక్క క్షణం వంటింటి వైపు వెళ్ళి వచ్చింది. చెత్తబుట్ట ఉండేది అక్కడే.

వైశాలి నడిచింది. సింకు కింద బుట్ట ఖాళీగా ఉంది. రికార్డింగ్ చేసి పది రోజులు. చెత్తబండి పది రోజులూ వచ్చి వెళ్ళింది. ఆమె ఆ బుట్ట ముందే నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చే వ్యవధి కూడా లేదు.

సత్యవతికి కోడలు అలా నేల మీద కూచోవడం నచ్చలేదు. ఏం పోయిందో ఆవిడకి సరిగ్గా తెలియదు. ఏదో చిన్న వస్తువు పోయింది, దాని గురించి కొడుకు మాట పడుతున్నాడు, అంతే తెలుసు.

"చిప్పు లాంటిదేనా మీరు వెతికేది? నల్లగా, గోరంత?"

వైశాలి తలెత్తింది.

సత్యవతికి ఏదీ పారెయ్యబుద్ధి కాదు. పాల కవర్లు కడిగి ఆరేస్తుంది. రబ్బరు బ్యాండ్లు తలుపు గొళ్ళేనికి తగిలిస్తుంది. పాత సామాన్లు కొనే కబాడీవాడికి వెయ్యడానికి చెత్త వేరుచేసేటప్పుడు తడిలోంచి పొడి, పొడిలోంచి పనికొచ్చేది తీస్తుంది. స్టూలెక్కి అలమారలోంచి బిస్కెట్ డబ్బా దించింది. బొత్తాలు, పిన్నీసులు, ఒక విరిగిన గడియారం ముల్లు, వాటి అడుగున మెమరీ కార్డు.

"అమ్మా," అన్నాడు రఘురామ్.

"నువ్వుండరా. చెత్తబుట్టలో చీపురు పుల్లల మధ్య దొరికితే తుడిచి పెట్టాను. దీనికోసమా మొగుడూ పెళ్ళాలు ఇంత రాద్ధాంతం? ఇదిగో తల్లీ, తీసుకో. ఇక అన్నానికి రండి."

ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలకి వైశాలి కార్డు లాప్‌టాప్‌లో పెట్టింది. ఫైలు ఉంది. పధ్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు, ఆదివారం మధ్యాహ్నం మూడింటిది. ఫార్మాట్ చెయ్యలేదు.

టోక్యో పేజీలో ఫైలు ఎక్కించే మీట నొక్కింది. పెద్ద ఫైలు. ఇంకా ఇరవై నిమిషాలు పడుతుందని చూపించింది. ఒక శాతం. రెండు.

"ఒక్క నిమిషం," రఘురామ్ వచ్చి పక్కన కూచున్నాడు. గొంతు మారింది. మెత్తబడింది. "ఫ్యాన్ మోత ఉంటుంది అందులో. నాకివ్వు, అయిదు నిమిషాల్లో తీసి ఇస్తాను. ఖాళీలు ముట్టుకోను. ఒట్టు."

"అక్కర్లేదు."

"సరే, అలాగే పంపు. ఎక్కుతోంది కదా, అన్నం తిందాం పద. వినడమెందుకు ఇప్పుడు?"

వినాలని ఆమె అనలేదు. ఆ ఆలోచనే లేదు అప్పటిదాకా.

వైశాలి అతని ముఖం చూస్తూ ఫైలు తెరిచి, శబ్దం పూర్తిగా పెంచింది.

మొదటి స్వరాలు గదిలోకి వచ్చాయి. ఎడమ చేతి అడుగున ఒక్కటే, తర్వాత చాలా దూరంగా పైన రెండు. చెయ్యి లేచింది. మొదటి నిశ్శబ్దం, పన్నెండు సెకన్లు. తీగలు ఆరిపోతున్న మోత, కింద రోడ్డు మీద స్కూటర్.

రెండోది ఇరవై ఎనిమిది. ఎవరో దగ్గారు, దూరంగా.

ఆరోజు వీళ్ళిద్దర్నీ, కూతురు ఇషితనీ పడకగదిలోకి పంపి తలుపు వేయించింది. చప్పుడు చెయ్యొద్దంది. కానీ సర్కారు క్వార్టర్లలో ప్రతి తలుపు మీదా వెంటిలేటర్ ఉంటుంది. తీగల మోత చివరిదాకా దొరకాలని మైకు పూర్తిగా పెంచి పెట్టమన్నది కూడా తనే.

మూడో నిశ్శబ్దం.

"అయిపోయిందా?" సత్యవతి గొంతు. గుసగుసే, కానీ ప్రతి అక్షరం తెలుస్తోంది.

"ఆపినట్టుంది," రఘురామ్ గొంతు. "రికార్డింగ్ ఆపి మళ్ళీ మొదలెడుతుందేమో."

పియానో మోగింది. గొంతులు ఠక్కున ఆగిపోయాయి.

అన్నం గిన్నె పట్టుకుని వచ్చిన సత్యవతి లాప్‌టాప్ వైపు వింతగా చూసింది. "నా గొంతేమిటి అందులో?"

వైశాలికి అర్థమైపోయింది. పియానో మోగినంతసేపూ వీళ్ళు బుద్ధిగా నోరు మూసుకున్నారు. ఆగిన ప్రతిసారీ రికార్డింగే ఆగిందనుకుని మాట్లాడుకున్నారు. వాయించనప్పుడు కూడా పాట నడుస్తూనే ఉంటుందని ఈ ఇంట్లో ఎవరి బుర్రకీ తట్టలేదు. తను ఏమో సెకన్లు లెక్కపెట్టుకుంటూ, ఆ గొణుగుడు పక్కింటి టీవీ అనుకుంది.

ముప్ఫై ఒక్క శాతం.

నాలుగో నిశ్శబ్దం. నలభై సెకన్లు.

"ఈసారి పిలుపొస్తే పంపుతావా ఏమిటి? ఆర్నెల్లురా. పిల్లది వయసుకొస్తోంది. నాకా మోకాళ్ళు."

"రానీ, చూద్దాం."

"పోయినసారి వచ్చినప్పుడు ఏం చూశావు? రాదని రాసేశావు కదా. అలాగే రాసెయ్యి."

పియానో అందుకుంది. రెండు చేతులూ దగ్గరగా, మెత్తగా. ఆమె ఈ భాగాన్ని నెలరోజులు సాధన చేసింది.

సత్యవతి గిన్నె బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడు పెద్దగా వచ్చింది.

"పోయినసారి వచ్చిందా?" అంది వైశాలి.

రఘురామ్ నేలకేసి చూస్తున్నాడు.

"నిన్నే. వచ్చిందా?"

పదహారేళ్ళ కాపురంలో అత్తగారి ఎదుట ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. సత్యవతి కూడా దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు.

"వచ్చింది," అన్నాడు. "నీ మెయిల్ ఇంట్లో కంప్యూటర్లో తెరిచే ఉండేది కదా అప్పుడు. నేనే చూశాను. కుటుంబ కారణాల వల్ల రాలేనని రాశాను."

"నా పేరుతో."

"నీ పేరుతోనే."

ఐదో నిశ్శబ్దం వచ్చింది. అందులో అతను పోయినసారి మెయిల్ ఎలా చెరిపాడో తల్లికి చెబుతున్నాడు. వైశాలి వినలేదు. ఆమెకి మూడేళ్ళనాటి అతని గొంతే వినిపిస్తోంది.

"జవాబు రాలేదని నేను ఏడ్చిన రోజు నువ్వు టీ పెట్టి తెచ్చావు. గుర్తుందా? పక్కన కూచుని ఏమన్నావు? వాళ్ళకి చెవుల్లేవన్నావు. అంత చక్కగా వాయిస్తే వినలేనివాళ్ళ దగ్గరకి నువ్వెందుకు పోవాలన్నావు."

"వైశాలీ."

"ఏడాది పియానో మూత తియ్యలేదు నేను. ఈవిడ దాని మీద ఆవకాయ జాడీలు పెట్టింది. నువ్వు రోజూ చూశావు. ఆ జాడీలు పక్కకి జరిపి పేపర్ చదువుకున్నావు."

"పెట్టడానికి చోటు లేక పెట్టానమ్మా," అంది సత్యవతి. గొంతులో తడి లేదు, తప్పు దొరికిన ఉక్రోషం ఉంది. "నేనేం కావాలని చేశానా? ఇల్లన్నాక అందరూ..."

"అత్తయ్యా. మీరు కాసేపు మాట్లాడకండి. పాట నడుస్తోంది."

ఆరోది. నలభై అయిదు సెకన్లు. బట్టల బీరువా కిర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ముగ్గురూ ఎవరి మాట వినబడుతుందా అని చెవులు రిక్కించి కూచున్నారు. సుగిమోరి గారు చూస్తే సంతోషించేది. ఆ ఇంట్లో మొదటిసారి అందరూ నిశ్శబ్దాన్ని శ్రద్ధగా విన్నారు.

డెబ్భై రెండు శాతం. ఒంటిగంటా పదిహేను.

"ఇక ఆపెయ్యి," అన్నాడు రఘురామ్. "తెలిసిందిగా. నేను చెడ్డవాణ్ణి. ఒప్పుకున్నాను. వాళ్ళకి తెలుగు రాదు, పంపితే పంపు, వెళితే వెళ్ళు. వినడం మాత్రం ఇంతటితో ఆపెయ్యి."

"ఏముంది ఏడోదాంట్లో?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆపమంటావెందుకు?"

అతను మూత వెయ్యబోతే వైశాలి లాప్‌టాప్‌ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"విను మరి," అన్నాడు రఘురామ్. "ఆ ఒక్కటే కోద్దామనుకున్నాను. ఆరూ ఉండి ఒకటి లేకపోతే నువ్వు అడుగుతావు. అందుకని అన్నీ కోశాను."

"నీ మాటలు దాచుకోవడానికి కాదా?"

"అది కూడా."

ఎడమ చేతి చివరి స్వరం పడింది. పెడల్ కింద తీగలన్నీ కలిసి మూలిగాయి. ఏడో నిశ్శబ్దం. నొటేషన్‌లో అన్నిటికంటే పొడుగైనది, యాభై ఒక్క సెకన్లు.

ముందు ఏమీ లేదు. తర్వాత మంచం కదిలింది.

"పాపా." ఇషిత గొంతు. ఢిల్లీలో పుట్టిన పిల్ల. ఇంట్లో తెలుగు వింటుంది, జవాబు హిందీలో ఇస్తుంది. "లాస్ట్ టైమ్ కీ తరహ్ ఇస్ బార్ భీ నో లిఖ్ దో నా. మమ్మీ కో పతా థోడీ చలేగా."

పోయినసారిలాగే ఈసారి కూడా రానని రాసెయ్యి. మమ్మీకేం తెలుస్తుంది.

వైశాలి రఘురామ్ వైపు తిరిగింది.

"అప్పుడు పదేళ్ళు దానికి," అన్నాడు రఘురామ్. "నువ్వు వర్క్‌షాప్ అని ముంబై వెళ్ళిన తొమ్మిది రోజులూ సరిగ్గా తినలేదు. ఆ మెయిల్ నేను చదువుతుంటే వెనక నిలబడి చూసింది. నో రాయమని ఏడ్చింది. నేను రాశాను. దానిదేం తప్పు లేదు. రాసింది నేను."

"మూడేళ్ళు నా ముఖం చూస్తూ తిరిగింది అది."

"చిన్నపిల్ల."

"మొన్న అడిగినప్పుడు చిన్నపిల్ల కాదు. పదమూడేళ్ళు. గొంతు విన్నావుగా. ఏడుస్తూ అడగలేదు."

లాప్‌టాప్‌లో ఆఖరి స్వరం మోగింది. ఒక్కటే, పైన, చాలా చిన్నగా. పాట అయిపోయింది. ఎనభై తొమ్మిది శాతం.

రద్దు మీట ఎర్రగా, శాతాలు చూపే గీత పక్కనే ఉంది. రఘురామ్ దాన్ని చూశాడు. వైశాలీ చూసింది.

"ఇప్పటికీ ఆపొచ్చు," అన్నాడు అతను. "నీ ఇష్టం."

"నా ఇష్టం," అంది వైశాలి. "మొదటిసారి అన్నావు ఆ మాట."

ఆమె మీట ముట్టుకోలేదు. ఆపడానికీ కాదు, ఆపకపోవడానికీ కాదు. చెయ్యి లేవలేదు, అంతే.

ఒంటిగంటా ఇరవై రెండుకి బెల్ మోగింది. హాఫ్ ఇయర్లీ పరీక్ష రాసి ఇషిత వచ్చింది. సత్యవతి వెళ్ళి తలుపు తీసింది. ఎప్పుడూ అనే "వచ్చావా తల్లీ" కూడా అనలేదు.

"యార్, మాథ్స్ మస్త్ గయా," అంటూ లెక్కలు బాగా రాసిన హుషారులో పిల్ల బూట్లు విడిచి, సంచి పియానో స్టూలు మీద పడేసింది. అప్పుడు ముగ్గుర్నీ చూసింది. "క్యా హువా? పాపా ఆఫీస్ నహీఁ గయే?" ఏమైందని, నాన్న ఆఫీసుకి వెళ్ళలేదేమని.

"ఇలా రా," అంది వైశాలి.

వచ్చింది.

"ఆరోజు నేను రికార్డ్ చేస్తుంటే గదిలో నాన్నతో ఏమన్నావు?"

లాప్‌టాప్ చిన్నగా మోగింది. తెర మీద, అందింది, ధన్యవాదాలు అన్న అక్షరాలు వచ్చాయి. వైశాలి అటు చూడలేదు.

ఇషిత ముందు తండ్రి వైపు చూసింది. ఏం చెప్పమంటావు అన్నట్టు, అలవాటైన చూపు.

ఆ చూపు చూశాక వైశాలి మళ్ళీ అడగలేదు. నెలరోజుల సాధనలో అబ్బిన అలవాటుతో లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

ఇరవై ఎనిమిది దాటింది. నలభై దాటింది.

యాభై ఒకటి కూడా దాటింది. పిల్ల ఇంకా తండ్రినే చూస్తోంది.